ఎవరిదీ కాని గడప

కడంబత్తూరు
ఫిబ్రవరి 11

అక్క రుక్మిణమ్మకు తమ్ముడు కోదండరామ నమస్కారాలు.

క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. తింటున్నాను, నిద్ర కొంచెం తక్కువ, అంతే. పొన్నమ్మ పోయి ఎనిమిది నెలలయింది. అప్పుడు నువ్వు రాసిన నాలుగు వరుసల ఉత్తరం నా దగ్గర ఉంది. అందులో పొన్నమ్మ పేరు లేదు, 'జరిగింది విన్నాను' అని మాత్రం ఉంది. జవాబు రాయలేదని కోపగించుకోకు, ఏం రాయాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఒక పని మీద రాస్తున్నాను. నవ్వకుండా చదువు. తిరువళ్ళూరు స్టేషను ఎదురు సందులో ఒక లాడ్జి ఉంది. మూడంతస్తులు, పచ్చ రంగు. అందులో ఒక రూము తీసుకుంటే నువ్వూ నేనూ ఒక పగలంతా కూర్చుని మాట్లాడుకోవచ్చని తోచింది.

లాడ్జి ఎందుకురా అంటావు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట నేను పొన్నమ్మను చర్చిలో పెళ్ళి చేసుకుని ఈ ఇంట్లో కాపురం పెట్టిన రోజు నువ్వు వీధిలో నిలబడి, "ఈ జన్మలో నీ గడప తొక్కను, కొండమీద సామి మీద ఒట్టు" అన్నావు. నేనేమైనా తక్కువ తిన్నానా? "నా పెండ్లాం రాని ఇంటికి నేనూ రాను పో" అన్నాను. ఒకే కడుపున పుట్టిన మొండితనం కదా, ఇద్దరం నిలబెట్టుకున్నాం. మధ్యలో ఉన్నది గంట రైలు ప్రయాణం. మూడేళ్ళ కిందట బావ పోయినప్పుడు కూడా నేను మీ వీధిలో పందిరి కింద కూర్చుని, అటునుంచి అటే వచ్చేశాను. నిన్ను ఒట్టు తప్పమని ఇప్పుడూ అడగను. ఈ వయసులో సామితో తగవు పెట్టుకోవడం ఎందుకు? కానీ లాడ్జి గడప నీదీ కాదు, నాదీ కాదు. ఎవరిదీ కాదు.

గుడిలో కలుద్దామంటే జనం. ప్లాట్‌ఫారం మీదా జనమే. నీకు చెవులు వినపడక నాలుగేళ్ళు దాటింది, ఫోను దండగ. నీతో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి. మన ఇంటి సంగతులు నలుగురిలో అరిచి చెప్పుకునేవి కావు. నాలుగు గోడలు కావాలి.

ముప్పై ఏళ్ళు వేబ్రిడ్జిలో లారీలు తూచినవాణ్ణి. ముందు ఖాళీ బండి, తర్వాత సరుకుతో. లాడ్జినీ అట్లే తూచి వచ్చాను. స్టేషను నుంచి నీ నడకకు పది నిమిషాలు. కింద అంతస్తులోనే రూము ఉంది, మెట్లెక్కే పని లేదు. మంచాలు రెండు. కిటికీకి ఎదురుగా జామచెట్టు, అది పక్కింటివాళ్ళది. ఎదురుగా టిఫిను అంగడి, ఇడ్లీ మెత్తగా ఉంటుంది. ఇవి మంచివి. చెడ్డవి దాచను. నీళ్ళు ఉప్ప. పరుపుకు రెక్సిను తొడుగు వేశారు, కదిలినప్పుడల్లా కిర్రుమంటుంది, నీకు వినపడదు కాబట్టి సగం బాధ తప్పింది. అద్దం నిండా ఎవరెవరో ఆడవాళ్ళు అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళలు. అమావాస్యకు ముందురోజు నుంచి మాత్రం వీరరాఘవస్వామి గుడికొచ్చే జనంతో నిండిపోతుంది, అప్పుడు దొరకదు.

నాకైతే మంచి వైపే తూకం ఎక్కువ చూపించింది. నువ్వేమంటావో రాయి.

తమ్ముడు
కోదండరామ


తిరుత్తణి
ఫిబ్రవరి 20

చిరంజీవి కోదండరామకు అక్క ఆశీస్సులు.

నవ్వొద్దన్నావు కాబట్టి చదివినంతసేపూ నవ్వాను. ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. చెవిటిది తనలో తాను నవ్వుకోవడం వాళ్ళకు అలవాటైంది.

అరవై నాలుగేళ్ళ ముసలిది, అరవై ఏళ్ళ ముసలోడు పట్టపగలు లాడ్జికి పోతే చూసినవాళ్ళు అక్కాతమ్ముళ్ళు అనుకుంటారా? మొగుడూ పెళ్ళాలనుకుంటే పరవాలేదు, ఇంకోటి అనుకుంటే? నువ్వు లారీలు తూచినవాడివే గాని లోకాన్ని తూచలేదు.

నీ తూకంలో వదిలేసినవి నేను చెబుతాను, రాసుకో. బాత్రూములో కుర్చీ దొడ్డా, కింద కూర్చునేదా? నా మోకాళ్ళు కిందకు పోతే పైకి రావు. పట్టుకోను గోడకు కమ్మీ ఉందా? దుప్పట్లు ఎవరు ఉతుకుతారు, ఎప్పుడు ఉతుకుతారు? ఉప్పు నీళ్ళతో నేను కాఫీ తాగను, చెంబుతో నీళ్ళు తెచ్చుకోవాలి. గోడలు పలుచనా? నువ్వు నా చెవిలో అరిచేది పక్క రూము వాడు వినడా? లాడ్జి అంతా మన కథ తెలిసిపోతే వీధిలో అరిచిన దానికీ దీనికీ తేడా ఏముంది?

అంతా చెడ్డ వైపే రాస్తున్నానని అనుకోకు. మంచి ఒకటి ఉంది. అక్కడ ఎవరి వంటింట్లోకీ అడుగు పెట్టనక్కర్లేదు. అడ్డం వస్తున్నానేమో అని జరిగి కూర్చోనక్కర్లేదు. ఇక్కడ కొడుకు విజయకుమార్ మంచివాడే, కోడలు రంజితా మంచిదే. కానీ నాతో ఒక్క మాట చెప్పాలన్నా వాళ్ళు రెండుసార్లు అరవాలి. మూడోసారికి "ఏం లేదులేమ్మా" అని చెయ్యి ఊపి వెళ్ళిపోతారు. ఆ 'ఏం లేదు'లో ఏముందో నాకెప్పటికీ తెలియదు. మనవరాలు తనుశ్రీ మాత్రం ఫోనులో అరవం అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తుంది: 'జేజీ, అన్నం తిన్నావా?' తిన్నానని తలాడిస్తాను. మా సంభాషణ అంతే.

ఒక మేలు ఏమిటంటే ఈ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. నీ ఉత్తరం టీవీ మీద విప్పి పెట్టినా గుట్టు బయటపడదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

లాడ్జికి రాను. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, కమ్మీ ఉందా?

అక్క


కడంబత్తూరు
మార్చి 3

అక్కా, నమస్కారాలు.

కమ్మీ ఉంది. కుర్చీ దొడ్డే. దుప్పట్లు మంగళవారం, శనివారం మారుస్తారట. నేను వెళ్ళిన రోజు బుధవారం, శుభ్రంగానే ఉన్నాయి. పక్క రూములో ఒకణ్ణి నిలబెట్టి ఇవతల నేను అరిచి చూశాను. మాట వినపడింది గానీ అర్థం కాలేదన్నాడు. పైగా అతను ఒడిశా మనిషి, తెలుగు రాదు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల్లో పనికి వచ్చేవాళ్ళు ఇక్కడిదాకా దిగుతున్నారట.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. నువ్వు రానన్నావు కదా, పోనీ నేనొక్కణ్ణే ఒకరోజు ఉండి చూద్దాం, మంచీచెడూ ఇంకా బాగా తెలుస్తుందని వెళ్ళాను. మేనేజరు పేరు రాజమాణిక్యం. రిజిస్టరు తెరిచాడు.

"ఎంతమంది సార్?"

"నేనొక్కణ్ణే."

రిజిస్టరు మూసేశాడు. "ఒంటి ఆళ్ళకు రూము ఇయ్యము సార్. లోపల ఏమన్నా చేసుకుంటే పోలీసు స్టేషన్ల సుట్టూ మేము తిరగాల."

"నేనేం చేసుకుంటానయ్యా? ఇంట్లో వండినాను, తిన్నాను, వచ్చినాను."

"మీరు చేసుకుంటారని కాదు సార్. ఒంటిగా వచ్చేటోళ్ళందరూ ఇట్లే చెప్తారు. కూడా ఎవురన్నా ఉంటే రాండి, తాళం ఇచ్చేస్తా."

అక్కా, అతని మీద నాకు కోపం రాలేదు. స్టేషనుకు నడిచి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. రెండు బళ్ళు పోయినా లేవలేదు. ఒంటివాడికి ఇల్లు ఉండొచ్చు గాని రూము ఇవ్వరట. పొన్నమ్మ పోయాక అందరూ నన్ను చూసి పాపం అన్నారు, భయపడినవాడు ఇతనొక్కడే. నిజం చెప్పాలంటే నన్ను సరిగ్గా చూసినవాడూ అతనేననిపించింది. బెంగ పెట్టుకోకు, నేనేమీ చేసుకోను. మాకు పిల్లలు లేరు కాబట్టి ఇలాంటివి చెప్పుకోడానికి నువ్వు తప్ప మనిషి లేదు, అందుకని చెప్పాను.

నువ్వు వస్తే ఇద్దరం అవుతాం. ఒక్క పగలే.

కోదండరామ


తిరుత్తణి
మార్చి 15

కోదండా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. స్టేషను బెంచీల మీద కూర్చోవద్దు. వేళకు తిను. రాత్రిపూట టీ తాగకు, నీకు చిన్నప్పటి నుంచీ పడదు.

రావాలనే ఉంది. ఆ మాట రాసేశాను, ఇక కొట్టెయ్యను. కానీ లాడ్జిలో ఆధారు కార్డు అడుగుతారని తనుశ్రీ చెప్పింది. నాది విజయకుమార్ బీరువాలో ఉంది. ఎందుకమ్మా అంటాడు. తమ్ముణ్ణి చూడ్డానికి లాడ్జికి పోతున్నానని చెప్పనా? "ఇల్లు ఉండగా లాడ్జి ఏందమ్మా?" అంటాడు. నా ఒట్టు సంగతి వాడికి తెలుసు గాని దాన్ని వాడు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. పాతకాలం పిచ్చి అనుకుంటాడు. కొడుకు ముందు నా ముప్పై ఏళ్ళు పిచ్చివని ఒప్పుకోవడం నాకు చేతకాదు.

ఇంకొకటి కూడా ఉంది. మీ బావ. ఆయన ఉన్నన్నాళ్ళూ నీ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు నేను. ఆయనా నా మాట జవదాటలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు నా పంతం కోసం నోరు మూసుకున్న మనిషి. ఆయన పోగానే నేను దొంగచాటుగా నిన్ను కలిస్తే ఆయనకు అన్యాయం చేసినట్టు కాదా? ఆయనకున్నపాటి కట్టుబాటు నాకు లేదా అనిపిస్తుంది. ఆలోచించి రాయి.

అక్క


కడంబత్తూరు
మార్చి 24

అక్కా,

ఆలోచించాను. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది.

బావ మా ఇంటికి వచ్చేవాడు.

చెప్పకూడదని మాట తీసుకున్నాడు, అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. కానీ నువ్వు ఆయన కట్టుబాటును అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోతే, ఆ మాట నిలబెట్టి నేను ఏం బాగుపడతాను? తిరువళ్ళూరు ఎరువుల మండీలో గుమాస్తాగా ఉన్నప్పుడు ఆయనకు రైలు పాసు ఉండేది కదా. నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం కడంబత్తూరులో దిగేవాడు. పంతొమ్మిదేళ్ళు. మా ఇంట్లో అన్నం తినేవాడు. నువ్వు పెట్టి పంపిన క్యారియరు మా వీధి కుక్కకు పోసేవాడు, అది ఖాళీగా ఇంటికి రావాలి కదా మరి.

నెలనెలా రైల్లో ఎవరో ముసలామె దగ్గర కొన్నానని మజ్జిగ మిరపకాయలు తెచ్చేవాడు, గుర్తుందా? అవి పొన్నమ్మ ఎండబెట్టినవి. నువ్వు బాగున్నాయన్నావని ఆయన చెప్పిన రోజు ఆమె మళ్ళీ మళ్ళీ అడిగించుకుంది. "ఏమన్నిందన్నా? ఇంకోసారి చెప్పు."

వచ్చిన ప్రతిసారీ పొన్నమ్మ అడిగే మాట ఒకటే. "వదిన బాగుండాదా అన్నా? ఒక్కసారి పిల్చుకుని రారాదా? నేను ఎనకింటికి పోయి కూసుంటా. ముందుకు రాను. ఆయమ్మ తమ్ముణ్ణి సూసుకుని, కాఫీ నీళ్ళు తాగి పోనీ."

బావ తల దించుకుని తినేవాడు. "నీ వదిన మంచిదేమ్మా. మాట అనేసింది, ఎనక్కి తీసుకునే దారి తెలీడంలా" అనేవాడు.

కట్టుబాటు తప్పిన మనిషని ఆయన్ని అనకు. నీ పంతాన్నీ విరగ్గొట్టలేదు, నన్నూ వదులుకోలేదు. ఆ రెండూ చెయ్యడానికి ఆయనకు అబద్ధం తప్ప వేరే దారి లేకపోయింది.

కోదండరామ


తిరుత్తణి
ఏప్రిల్ 2

కోదండరామకు,

పంతొమ్మిదేళ్ళు నేను తప్ప అందరూ ఒక పంక్తిలో కూర్చుని తిన్నారన్నమాట. కుక్కతో సహా.

ఇక నాకు రాయొద్దు.

రుక్మిణమ్మ


కడంబత్తూరు
మే 19

అక్కా,

రాయొద్దన్నావు. నెలన్నర రాయలేదు. రోజూ పోస్టు వేళకు వాకిట్లో నిలబడుతున్నాను. పోస్టుమాన్ ఇప్పుడు దూరం నుంచే చెయ్యి ఊపి చెప్పేస్తున్నాడు, లేదని. ఎండలో నిలబడనివ్వకూడదని అతని దయ.

నేను చెప్పి ఉండకూడదేమో. బావ నీ మీద జాలిపడి దాచాడు, నేను నా స్వార్థానికి చెప్పాను. నీకు మిగిలిన ఆ ఒక్క మనిషినీ నీకు కాకుండా చేశాను. తప్పు నాదే. తిట్టడానికైనా ఒక ముక్క రాయి.

కోదండరామ


పచ్చ లాడ్జి, తిరువళ్ళూరు
జూలై 22

అక్కా,

పైన ఊరి పేరు చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. కడంబత్తూరు ఇల్లు ఖాళీ చేశాను. ఆ ఇల్లు పొన్నమ్మ అన్న ఏసుది. చెల్లెలి కోసం మమ్మల్ని ఉండనిచ్చాడు, నన్ను వెళ్ళమని మాత్రం ఎన్నడూ అనలేదు. నేనే తాళం అతని చేతిలో పెట్టాను. "యాడికి పోతావు బావా?" అని ఏడ్చినంత పని చేశాడు.

నా లెక్క ఇది. నువ్వు నా గడప తొక్కనన్నావు. సరే, నాకు గడపే లేకపోతే? నీకు కోపం తగ్గి, ఎప్పుడో ఒకనాడు రావాలనిపిస్తే ఆ ఇల్లు అడ్డం ఉండకూడదు. పొన్నమ్మ లేని ఆ ఇంట్లో నాకూ పని లేదు. రెండు పళ్ళాలు కడగడం అలవాటైన చెయ్యి ఒక పళ్ళెం కడిగి ఆగలేకపోతోంది.

రాజమాణిక్యాన్ని నెలవారీకి ఒప్పించాను. ఎట్లా అంటే, రిజిస్టరులో రెండో పేరు రాయించాను. రుక్మిణమ్మ, అరవై నాలుగు, అక్క. 'వెనక వస్తుంది' అని చెప్పాను. నీ పేరు మీద ఈ రూములో ఉన్నాను. అమావాస్యకు రెండు రోజులు ఖాళీ చెయ్యాలన్నాడు, అప్పుడు ఏసు ఇంటికి పోతాను.

ఇప్పుడు లోపల ఉండి తూచినవి రాస్తాను. మంచివి: పొద్దున ఐదు నుంచి ఎనిమిది వరకు వేడినీళ్ళు వస్తాయి. ఎవరూ పలకరించరు కాబట్టి బాగున్నానని అబద్ధం చెప్పే పని లేదు. చెడ్డవి: ఎవరూ పలకరించరు. పక్కవాళ్ళు రోజుకో రకం, ముఖం గుర్తుపట్టే లోపల ఖాళీ చేసి వెళ్ళిపోతారు. రాజమాణిక్యం మాత్రం రోజూ పొద్దున అడుగుతాడు, "అక్కగారు ఇంకా రాలేదా సార్?" "ఈ వారం" అంటాను. అతను నమ్మడం మానేశాడని తెలుస్తూనే ఉంది. అయినా అడుగుతాడు. నేను తలుపు తీశానా లేదా అని చూసుకోడానికి అతనికి అదొక సాకు.

రెండో మంచం మీద దుప్పటి మడత విప్పలేదు.

కోదండరామ


తిరుత్తణి
ఆగస్టు 8

కోదండా,

నీ జూలై ఉత్తరం ఇందాకే చదివాను. కొండమీద సామి ఆడి కృత్తిక పండక్కి ఇల్లంతా చుట్టాలు, కావళ్ళు మోసేవాళ్ళు, గుండ్లు చేయించుకునేవాళ్ళు. అందరూ నవ్వితే నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. ఆ హడావిడిలో రంజిత నీ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోయింది. నిన్న సాయంత్రం తనుశ్రీకి దొరికిందట, నాకు ఈ ఉదయం ఇచ్చింది. ఒక్క రోజు ముందు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఎందుకంటే, కోదండా, నిన్న నేను కడంబత్తూరు పోయాను.

ఎవరికీ చెప్పలేదు. గుడికి అన్నాను. మీ బావ మీద కోపంతో నాలుగు నెలలు మండిపోయాను. తర్వాత ఏమైందో చెబుతాను. కోపం ఆయన అక్కడికి పోయినందుకు కాదని తెలిసింది. నన్ను తీసుకుపోనందుకు. చెయ్యి పట్టుకుని 'రా' అని ఒక్క మాట అని ఉంటే తిట్టుకుంటూ అయినా వెంట పోయేదాన్ని. ఆయన అడగలేదు, నేను అడగనివ్వలేదు. ఆయన పోయిన చోటికి నేనెందుకు పోకూడదని నిన్న పొద్దున లేస్తూనే అనిపించింది. కొండకేసి దణ్ణం పెట్టి, "సామీ, ఒట్టు తప్పుతా ఉండాను, ఏం చేస్తావో నన్ను చెయ్యి, వాణ్ణి ఏం చెయ్యొద్దు" అని చెప్పుకుని బయలుదేరాను.

ఇల్లు నాకు గుర్తే. తలుపు తీసి ఉంది. ఎవరినీ పిలవలేదు, పిలిస్తే కాళ్ళు ఆగిపోతాయని భయం. నేరుగా గడప దాటాను. లోపల ఎవరో పడుచు పిల్ల, చంకలో బిడ్డ, నన్ను చూసి బెదిరిపోయింది. ఏదో చెబుతోంది, నాకు వినపడదు. "కోదండరామ యాడ?" అని అరిచాను. చివరికి ఫోనులో అరవంలో కొట్టి చూపించింది: 'ఆయన ఇల్లు ఖాళీ చేశారు. ఎక్కడున్నారో తెలియదు. మేము వచ్చి రెండు వారాలు.' ఆ పిల్ల పేరు ప్రియంక. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మంచి పిల్ల.

వంటిల్లు చూస్తానని అడిగాను. పిచ్చిదనుకుని ఉంటుంది, అయినా చూపించింది. కొత్తగా సున్నం కొట్టించారు. పొయ్యి గట్టు కడిగి ఉంది. నీ భార్యది అక్కడ ఒక్క గరిటె కూడా లేదు. ఇల్లంతా వాళ్ళ వాసనే.

నేను ఎందుకు పోయానో నీకు చెప్పాలి. నిన్ను చూడ్డానికి అనుకుంటావు. నిన్ను చూడ్డానికి నీ లాడ్జికే వచ్చి ఉండొచ్చు, కమ్మీ కూడా ఉందంటివి. మీ బావ పోయిన రోజు వీధి మలుపులో గళ్ళ చీర కట్టుకుని ఒకామె నిలబడి ఉంది. పందిరి దాకా రాలేదు. నేను గుమ్మంలోంచి చూశాను. ఆమే అని తెలుసు. ఆమె రెండు చేతులూ జోడించింది. నేను ముఖం తిప్పుకున్నాను.  అట్లా తిప్పుకున్నందుకు ఆమెకు ఒక మాట చెప్పుకోవాలి. చెప్పుకోడానికి మనిషి లేదు. ఆమె తిరిగిన ఇల్లైనా ఉంటుంది, ఆ పొయ్యి దగ్గర నిలబడి ఆ మాట అనేసి వద్దామనుకున్నాను. ఇంకొకరి పొయ్యి దగ్గర ఎట్లా అనేది?

నా కోసం నువ్వు ఇల్లు వదిలేశావు. నీ కోసం నేను ఒట్టు వదిలేశాను. మనిద్దరి తెలివీ ఒక్కటేరా. నిన్ను తప్పుపట్టను. కానీ ఇప్పుడు చెప్పు, ఆ మాట నేను ఎక్కడికి పోయి, ఎవరితో చెప్పేది? లాడ్జిలో నీ చెవిలో చెబితే అది ఆమెకు చెప్పినట్టవుతుందా?

అక్క


తిరువళ్ళూరు
ఆగస్టు 13

అక్కా,

నువ్వు గడప దాటావని చదివి చాలాసేపు మంచం మీద అట్లే కూర్చుండిపోయాను. రాజమాణిక్యం రెండుసార్లు తలుపు తట్టాడు. రెండోసారి తలుపు తీసి, "మా అక్క వచ్చిందయ్యా, నేనే లేను" అన్నాను. అతనికి అర్థం కాలేదు, టీ తెప్పించి ఇచ్చాడు.

ఆ మాట నాకు చెప్పొద్దు. నాకు చెబితే నేను పరవాలేదక్కా అంటాను. అనడానికి నాకు హక్కు లేదు. ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు వెనకింట్లో కూర్చోడానికి సిద్ధపడింది, నేను కాదు.

నువ్వు ఒక సంగతి మరిచిపోయావు. తప్పు పట్టడం లేదు, మనవాళ్ళలో ఎవరైనా మరిచిపోతారు. బావను కాల్చాం, బూడిద నీళ్ళలో కలిపాం, పేరు చెప్పుకోడానికి చోటు మిగల్లేదు. మనకు మనిషి పోవడమంటే అదే. కానీ వాళ్ళు కాల్చరక్కా. పొన్నమ్మ ఉంది. కడంబత్తూరు స్టేషనుకు అవతల, చెరుకు తోటలు దాటాక వాళ్ళ సమాధుల దొడ్డి. వెనక వరసలో వేపమొక్క పక్కన. ఏసు సిమెంటు కట్టించి పేరు రాయించాడు, తెలుగులోనే. నీకు చదవడం వచ్చు. ఇనప గేటు ఒకటి ఉండేది, అదీ ఊడిపోయింది, ఎవరైనా ఎప్పుడైనా పోవచ్చు.

లాడ్జి సంగతి తర్వాత చూద్దాం. ముందు అక్కడికి రా. ఏ రోజో రాస్తే కడంబత్తూరు స్టేషనులో ఉంటాను. తోటలగట్టు మీద చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను, మోకాళ్ళ గురించి దిగులుపడకు. అక్కడ నువ్వు ఏం చెప్పుకుంటావో నేను వినను. దూరంగా నిలబడతాను.

కోదండరామ


తిరుత్తణి
ఆగస్టు 18

తమ్ముడికి,

వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర బండికి దిగుతాను. విజయకుమార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నేను తీసుకొస్తానమ్మా అన్నాడు. వద్దు, ఒక్కదాన్నే వస్తానన్నాను.

అక్కడికి ఏం తేవాలో నాకు తెలియదు. మనలో అయితే తెలుసు. ఉత్త చేతులతో రాలేను. మరదలు పొన్నమ్మకు ఏమిష్టమో ముందుగా రాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు.

అక్క